నేను ఎత్తి పట్టిన తాడు

మా తోడికోడలి మెడ వంగడం లేదని ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసింది నాకే. తెలిసి దాదాపు ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నా ఒక రకం. అది బయటపడకుండా నా చేతులతో నేనే కాపాడుకుంటూ వచ్చాను. ఎట్లా కాపాడానో చెప్పాలంటే ముందు ఆమె సంగతి, తరువాత కోలాటం సంగతి చెప్పాలి.

ఆమె నా భర్త తమ్ముడి భార్య. నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది. ఒకే పంచ కింద రెండు పొయ్యిలు మావి. కాపురానికి వచ్చిన కొత్తలో మేకలకు ఆకు కొయ్యమంటే ఆమె దోటి అడిగేది కాదు. కొంగు నడుముకు దోపి వేపచెట్టు ఎక్కేసేది. మా అత్త కింద నిలబడి "దిగే కోతీ! ఎవురన్నా సూస్తే మానం పోతాది" అని అరిచేది. ఆమె ఒక మండ విరిచి సరిగ్గా మా అత్త నెత్తిన పడేటట్టు విసిరి, "సూసినోళ్ళని కూడా ఎక్కమను అత్తా, ఇంకో కొమ్మ ఉండాది" అనేది. అట్లాంటి మనిషి.

పామిడికి పైన మెట్టలో ఉంది మా ఊరు. ఎర్రనేల, గులకరాళ్ళు. వాన పడితే వేరుశనగ, పడకపోతే మబ్బు చూస్తూ కూర్చోవడం. రెండు కుటుంబాలకూ కలిపి ఆరెకరాల చేను, గట్టున ఒక బోరు. ఆ నీళ్ళు ఎంత లోతు నుంచి వస్తాయోగాని పైపులో వేడిగా పడతాయి. ఊళ్ళోకి ఫిల్టరు నీళ్ళు వచ్చాక, ఇంటి పట్టున ఉండేదాన్ని కాబట్టి నేను వాటికి అలవాటు పడ్డాను. ఆమె మాత్రం పొద్దున పోతే పొద్దుగూకేదాకా చేనిలోనే. పైపు దగ్గర దోసిలి పట్టి తాగితేనే ఆమెకు దాహం తీరేది. ఫిల్టరు నీళ్ళు చప్పగా ఉన్నాయని, ఇంట్లో తాగడానికి కూడా ఒక బిందె బోరు నీళ్ళు చంకన పెట్టుకుని వచ్చేది.

ఆమెకు ఒక్కతే కూతురు. పదకొండేళ్ళ పిల్ల జ్వరం వచ్చి పోయింది. మూడు రోజులు ఊళ్ళోనే సూదులు వేయించాం. నాలుగో రోజు ఆటోలో పామిడికి, అక్కడి నుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆసుపత్రి గేటు కనపడుతుండగా పిల్ల చేయి నా చేతిలో చల్లబడింది. అది వేరే కథ, దాన్ని ఇప్పుడు చెప్పలేను.

పిల్ల పోయిన తరువాత మా తోడికోడలు మాట మానేసింది. పంచలో పడమటి గోడకు ఆనుకుని కూర్చునేది. ఎండ కాళ్ళ మీదికి వస్తే కాళ్ళు ముడుచుకునేది, అంతే. నేను తల దువ్వితే దువ్వించుకునేది, ముద్ద కలిపి పెడితే రెండు ముద్దలకు పెదాలు బిగించేది. మా మరిది ట్రాక్టరు తోలి ఇంటికొచ్చి ఆమె ఎదుట కూర్చుని, కాసేపు చూసి, లేచిపోయేవాడు. ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. మాకెవరికీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం గోడ దగ్గర మనిషి లేదు. విత్తనపు మూటలు పెట్టే గదిలోకి పోయి చూస్తే, నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పురుగుల మందు డబ్బా. డబ్బా లాక్కున్నాను. మూత వేసే ఉంది. నాలుగు నెలల తరువాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది:

"మూత రాలేదక్కా."

ఆ రోజు నుంచి ఆ గదికి తాళం వేసి, చెవి నా మంగళసూత్రానికి కట్టుకున్నాను. మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మంచివాడే. మాత్రలు రాసిచ్చాడు. మాత్రలకు నిద్ర వచ్చేది. గోడకు ఆనుకుని కూర్చునే మనిషి గోడ పక్కన పడుకునే మనిషి అయింది. రెండోసారి పోయినప్పుడు ఆయన అన్నాడు: "మాత్రలు ఆపొద్దు. కానీ మాత్రలు ఒక్కటే సరిపోవమ్మా. ఆమెను నలుగురిలోకి తీసుకుపోండి." నలుగురూ అంటే ఎవరు? చావు ఇంటి మనిషిని నలుగురిలో కూర్చోబెడితే ఆ నలుగురూ చావు సంగతే మాట్లాడుతారు.

అప్పుడే మా ఊరికి కోలాటం వచ్చింది. ఈ మధ్య మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళ కోలాటం జట్లు ఉన్నాయి కదా. అందరికీ ఒకే రంగు చీరలు, చేతుల్లో రంగు కోలలు, పరుషల్లో, అంటే జాతరల్లో, ఆడటం, ఫోన్లలో వీడియోలు. మాకు నేర్పడానికి వచ్చిన మాస్టరు గుంతకల్లు మనిషి. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడు. మెడలో ఇప్పటికీ ఈల వేలాడుతూ ఉండేది. పాలకేంద్రం ముందరి సిమెంటు అరుగు మీద, పాలు పోసేవాళ్ళు వెళ్ళిపోయాక, సాయంత్రం పూట నేర్పేవాడు. అడుగు తప్పితే ఈల ఊది, "ఏమప్పా, ఒక్క సక్రం పట్టా దిగితే బండంతా దిగుతాది. నీకు తెల్దా?" అనేవాడు. మా ఊరి ఆడవాళ్ళు తక్కువ వాళ్ళా! "సామీ, మేం గూడ్సుబండ్లం, నిదానంగా తోలు" అనేవాళ్ళు.

నేను చేరాను. ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అరుగు అంచున కూర్చోబెట్టేదాన్ని. పది రోజులు కూర్చుంది, ఎటు చూస్తోందో తెలియకుండా. పదకొండో రోజో పన్నెండో రోజో, మేము ఒక కోపు వేస్తున్నాం. కోపు అంటే అడుగుల వరుస. నా ముందరి ఆమె ఎడమ కాలికి బదులు కుడి కాలు వేసింది. మాస్టరు చూడలేదు. అంచు నుంచి గొంతు వినపడింది:

"తప్పు. ఆయమ్మది తప్పు."

అందరం ఆగిపోయాం. మాస్టరు ఈల నోట్లోనే పెట్టుకుని తిరిగి చూశాడు. తెలివైనవాడు, ఒక్క జాలి మాట కూడా అనలేదు. "అంత బాగా తెలిస్తే ఏంటికి కూసున్యావు? వచ్చి ఏసి సూపీ" అని కోలలు ఆమె ఒళ్ళోకి వేశాడు.

ఆమె లేచి వేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగటి రెండు ముద్దలు అడిగి తినింది. మా మరిది పొయ్యి దగ్గర కూర్చుని అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

అట్లా ఆమె బతికింది. మాత్రలు కూడా మింగింది, కాదనను. కానీ పొద్దుగూకితే అరుగు మీదికి పోవాలి అనే ఒక్క తొందర ఆమెను పొద్దున లేపేది, తల దువ్వుకోనిచ్చేది, చేనికి పంపేది. ఏడాది తిరిగేసరికి జట్టులో ఆమె అంత బాగా ఆడేవాళ్ళు లేరు. మాస్టరు కొత్త కోపు చూపిస్తే ఒక్కసారికే పట్టేసేది. పట్టి, మా అందరికీ ఆమే మళ్ళీ నేర్పేది. అప్పుడప్పుడు నవ్వేది కూడా. నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు గీతలు కనపడేవి. మా ఊళ్ళో సగం మంది పళ్ళు అట్లాగే ఉంటాయి కాబట్టి అది మాకు ఒక లెక్కలోకి వచ్చేది కాదు.

రెండో ఏడు మాస్టరు జడకోలాటం ఎత్తుకున్నాడు. చూడనివాళ్ళకు చెబుతాను. అరుగు మధ్య ఎత్తైన స్తంభం, దాని కొనకు ఇనుప కడియం. కడియం నుంచి పదహారు రంగు తాళ్ళు కిందికి వేలాడుతాయి. పదహారు మందిమి, ఎనిమిది జంటలం. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కోల. నాలుగు జంటలు ఇటు నుంచి, నాలుగు జంటలు అటు నుంచి తిరుగుతూ ఎదురవుతాం. ఒక జంట తాళ్ళ కింద ఒకసారి తల వంచి దూరాలి, తరువాతి జంటకు మన తాళ్ళ కింద దారి ఇవ్వాలి. అట్లా తిరుగుతూ ఉంటే పైన తాళ్ళు అల్లుకుని జడ పడుతుంది. జడ మనిషి ఎత్తుకు దిగాక మాస్టరు ఈల ఊదుతాడు. అప్పుడు అందరం వెనక్కు తిరిగి, వేసిన అడుగులన్నీ తిరగేసి వేస్తే జడ విడిపోతుంది. ఒక్కరు తప్పినా అల్లిక చిక్కుపడుతుంది. కోలాటంలో అడుగు తప్పితే మరుక్షణం మరిచిపోవచ్చు. జడలో తప్పు అందరి కళ్ళ ముందూ పైన వేలాడుతుంది.

నేనూ ఆమే ఒక జంట. నేను ముందు, ఆమె నా వెనక.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను గమనించాను. ఆమె చెంబు ఎత్తి నోట్లో నీళ్ళు పోసుకోవడం మానేసి, చెంబు అంచు పెదాలకు ఆనించి తాగుతోంది. మా ఇంట్లో అట్లా ఎంగిలి చేసి తాగితే మా అత్త చెంబు విసిరికొట్టేది. వెనక నుంచి పిలిస్తే తల తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది. పొద్దున లేవాలంటే ముందు పక్కకు దొర్లి, చేతులు ఆనించి, ముసలివాళ్ళు లేచినట్టు లేస్తుంది. ఆమెకు అప్పటికి నలభై నిండలేదు.

"ఏమ్మే, మెడ పట్టిందా?" అన్నాను.

"దిండు ఎచ్చయిందిలే."

"నెల నుంచీ దిండు ఎచ్చవుతాందా?"

ఆమె అటూ ఇటూ చూసింది. అంటే, మనిషి అటూ ఇటూ తిరిగింది. "అక్కా, ఎవురితోనూ అనొద్దు. మాస్టరు తీసేస్తాడు" అంది.

నిజమే. అంతకు ముందే మోకాళ్ళు పట్టేసిన ఒకామెను మాస్టరు జడలో నుంచి తప్పించాడు. ఆయన తప్పేమీ లేదు, వంగలేనివాళ్ళుంటే జడ పడదు.

"తీసేస్తే తీసేస్తాడు. పెద్దాసుపత్రికి పోయి సూపిచ్చుకుందాం."

"సూపిచ్చుకుంటే కోలాటం ఎగరొద్దంటారు. ఎగరకపోతే ఏం జేయల్ల నేను? మళ్ళా ఆ గోడకే కదక్కా పోయేది."

గోడ వైపు ఆమె చూడలేదు. నేను చూశాను. తాళంచెవి అప్పటికింకా నా మంగళసూత్రానికే ఉంది. మెడ నొప్పా, ఆ గదా అని నాలో నేను తూచుకున్నాను. మెడ నొప్పితో ఎవరూ చావరు అనుకున్నాను. ఆ తూకం నేనే వేశాను, ఇంకెవరూ నాతో వేయించలేదు.

మరుసటి రోజు నుంచి నా కోలతో నేను ఇంకో పని మొదలుపెట్టాను. ఎదురు జంట తాళ్ళ కింద దూరేటప్పుడు నేను తల వంచి దూరి, నా కోల కొనతో ఆ తాళ్ళను ఒక మూర పైకి ఎత్తి పట్టేదాన్ని. నేను పొడుగు మనిషిని. నా వెనక ఆమె తల వంచకుండానే నిటారుగా వచ్చేసేది. ఆమె వచ్చేదాకా పట్టి వదిలేసేదాన్ని. ఆ ఎత్తే క్షణంలో నా కోల దెబ్బ ఒకటి తగ్గేది. డోలు చప్పుడులో ఎవరికీ తెలిసేది కాదు. జడ విప్పేటప్పుడు ఇంకా కష్టం. వెనక్కు తిరుగుతాం కాబట్టి ఆమె ముందుకు వస్తుంది, నేను వెనక అవుతాను. అప్పుడు ఆమె తల మీదుగా చెయ్యి చాచి, ఆమె కన్నా ముందే తాడును ఎత్తాలి. రెండు నెలల్లో అదీ అలవాటైపోయింది. మేమిద్దరం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆ వేసవిలో బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. నర్సమ్మ ఊళ్ళో అందరినీ వరుసలో నిలబెట్టింది. నీళ్ళలో ఫ్లోరైడు అనేది ఉందనీ, అది ఎముకల్లో పేరుకుంటుందనీ, ఎవరికి పట్టిందో చూడాలనీ చెప్పింది. మూడు పనులు చెయ్యమంది. గదవ, అంటే గడ్డం, ఎదకు ఆనించాలి. చెయ్యి ఎత్తి తల వెనక పెట్టుకోవాలి. మోకాళ్ళు వంచకుండా వంగి కాలి వేళ్ళు ముట్టుకోవాలి. ముసలివాళ్ళు కొందరు చెయ్యలేక నవ్వారు. "వయసులో వంగినాం లేమ్మా, ఇప్పుడేం వంగుతాం" అన్నాడు ఒకాయన. వాళ్ళ పేర్లు రాసుకుంది.

మా తోడికోడలి వంతు వచ్చింది. ఆమె నర్సమ్మ ముందు నిలబడి నవ్వింది. "మేము దినామూ చేసేదే కదా" అంటూ కోలాటంలో మొదటి దండం ఒకటి ఉంది, అది పెట్టింది. ఒక కాలు వెనక్కు వేసి, మోకాళ్ళ మీద కిందికి దిగి, చెయ్యి గుండ్రంగా తిప్పి నేలను తాకి లేచే దండం. కిందికి దిగింది మోకాళ్ళు. వంగింది ఏదీ లేదు. చెయ్యి తిప్పిన ఊపులో అది తల వెనకకు పోయినట్టే కనపడింది. వెనక వరుసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నర్సమ్మ ముచ్చటపడి, "అబ్బా, ఎంత బాగా చేస్తాండావు! నీకేం పర్వాలేదు" అని టిక్కు పెట్టింది. టిక్కు పెట్టాక కూడా ఒక క్షణం ఆమె మెడ వైపే చూసింది. నేను వరుసలో ఆమె వెనకే ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు.

మూడు నెలలకు పక్కూరి పరుష. గుడి ముందు బండలు పరిచిన ఆవరణ, చుట్టూ జనం, మాకు కుంకుమరంగు చీరలు. మా తరువాత ఇంకో ఊరి జట్టు ఎదురు చూస్తోంది కాబట్టి డోలు వాయించే ఆయన వేగం పెంచాడు. అయినా జడ చక్కగా పడింది. జనం ఈలలు వేశారు. మాస్టరు ఈల ఊదాడు. వెనక్కు తిరిగాం. ఆమె ముందు, నేను వెనక. సగం జడ విడిపోయింది.

అప్పుడు జనంలో నర్సమ్మ కనపడింది. అందరూ ఫోన్లు పట్టుకుని మమ్మల్ని వీడియో తీస్తున్నారు. ఆమె చేతిలో ఫోను లేదు. నా కోలనూ మా తోడికోడలి మెడనూ మార్చి మార్చి చూస్తోంది. కనిపెట్టేసిందని నాకు అర్థమైంది. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఈమె చూస్తుండగా ఎత్తకూడదు.

నేను కోల దించాను. ఒక్కసారి దించాను, ఒక్క దెబ్బకు.

ఎదురు తాడు వచ్చి ఆమె గొంతుకు అడ్డం పడింది. ఎవరైనా అయితే తల వంచేవాళ్ళు. ఆమె వంచలేక వెనక్కు వాలింది. మనిషి కట్టెలాగా, ఎక్కడా మడవకుండా, బండల మీద వెల్లకిలా పడింది. తల బండకు తగిలిన చప్పుడు నాకు డోలు కన్నా గట్టిగా వినపడింది. పైన జడ ఒక్క గుంజుతో బిగుసుకుపోయింది.

కళ్ళు తెరిచే ఉంది. నా వైపు చూసి, "అక్కా, నా కాళ్ళు యాడుండాయి?" అంది.

పెద్దాసుపత్రిలో ఫోటోలు తీశారు. డాక్టరు ఆ ఫోటోను వెలుతురుకు పట్టి మా మరిదికి చూపించాడు. మెడ ఎముకలూ వెన్నెముకా ఒకదానికొకటి అతుక్కుని రాయిలాగా అయ్యాయనీ, లోపల నరాలకు చోటు తగ్గిపోయిందనీ, అట్లాంటి మెడతో పడటంతో నరం నలిగిపోయిందనీ చెప్పాడు. "ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. ఏడాది కిందటే మా దగ్గరికి వచ్చి ఉంటే నీళ్ళు మార్పించేవాళ్ళం, ఆటలు మాన్పించేవాళ్ళం, ఆపరేషనుకు కూడా అవకాశం ఉండేదేమో. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లేదు సార్" అన్నాడు మా మరిది. "బాగా ఎగురుతాండె."

నేను అక్కడే, ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. మా మరిదికి ఇప్పటికీ చెప్పలేదు. ఈ కాగితాలు ఆయన చదువుతాడో లేదో.

ఇంటికి తెచ్చాం. నడుము కింద చలనం లేదు. చేతులు ఉన్నాయి, భుజం దాకా లేవకపోయినా వేళ్ళు పని చేస్తాయి. పడమటి గోడ పక్కన మంచం వేశాం. వేరే చోటు లేదు, గాలి అక్కడే వస్తుంది. నేను ఆమెకు ఒళ్ళు తుడిచేటప్పుడు, పక్కలు తిప్పేటప్పుడు ఆమె ఏమీ అనేది కాదు. నాకు మళ్ళీ ఆ నాలుగు నెలలు తిరిగి వచ్చినట్టు ఉండేది. ఆ మందు డబ్బాను నేనే మా ఇంటి వెనక గుంత తీసి పూడ్చాను. ఇప్పుడు ఆమె లేవలేదు కదా, ఏం భయం అని మీరనవచ్చు. భయానికి లెక్క ఉంటుందా.

కోలాటం ఆగిపోయింది. మాస్టరు ఒకసారి వచ్చి, బిగుసుకుపోయిన జడను కడియంతో సహా తెచ్చి మా పంచలో కొయ్యకు తగిలించి, మంచం పక్కన చాలాసేపు కూర్చుని పోయాడు. ఈల వేసుకు రాలేదు.

నర్సమ్మ వారం వారం వచ్చేది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు కనిపెట్టింది, నాకు తెలుసు. ఆమెకు తెలుసునని నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. ఏడో నెలలో ఒకసారి మా తోడికోడలి వేళ్ళు మడిచి చూసి, "వేళ్ళు కూడా బిగుసుకుంటాయి. చేతులకు ఏదో ఒక పని ఇవ్వండి" అంది. విత్తనపు కాయలు వలవమని ఇచ్చాను. రెండు రోజులు వలిచింది. మూడో రోజు చేట పక్కకు నెట్టి, కొయ్య వైపు చూపించింది.

"అది ఇయ్యి."

"ఏంది?"

"జడ. అది ఇట్ల ఇయ్యి."

తెచ్చి ఎద మీద పెట్టాను. తొమ్మిది రోజులు విప్పింది. ఒక్కొక్క ముడి గోరుతో సందు చేసి, పిన్నీసు దూర్చి, తాడు లాగి. నేను సాయం పడతానంటే చెయ్యి తోసేసింది. నాలుగో రోజో అయిదో రోజో, నేను వక్కాకు నలుపుతూ పక్కన కూర్చుని ఉంటే పిలిచింది.

"అక్కా, ఇట్ల సూడు. ఈ అల్లిక ఎట్లుండాది?"

"గట్టిగుండాది."

"ఇది?"

"ఇది కొంచెం వదులు."

"మళ్ళా ఇది గట్టి. మళ్ళా ఇది వదులు. ఎనిమిదిట్లో ఒగటి వదులే, పై నుంచి కింది దాకా." పిన్నీసుతో ఒక్కొక్కటీ చూపించింది. "నువ్వు తాడు ఎత్తిన కాడల్లా వదులే అక్కా. మాస్టరు సూసే ఉంటాడు. కండ్లుండేటోడికి తెలీకుండా పోతాదా."

"నువ్వే కదమ్మే ఎవురికీ చెప్పొద్దంటివి" అన్నాను. నలభై ఏళ్ళు సంసారం చేసిన మనిషిని, చిన్నపిల్లలాగా అన్నాను.

"అంటి. నేను ఏమన్నా అంటా. నేను పురుగుల మందు గూడా తెచ్చుకుంటి. తాగనిచ్చినావా?"

ఆమె మళ్ళీ ముడి మీదికి తల దించబోయి, దించలేక, జడనే కళ్ళ దాకా ఎత్తుకుంది.

"ఒగ దినం ఎత్తకుంటే సాలు. ఆ పొద్దే అరుగు మీద తగులుకోని నిలబడిపోయిందును. నలుగురూ సూసిందురు. తిట్టిందురు. ఆసుపత్రికి ఈడ్సకపోయిందురు." "నువ్వు బాగా పట్టుకున్యావులే. నాకు ఏడాది కోలాటం ఇచ్చినావు. కాదన్లా" అంది.

ఈ రెండు మాటల్లో ఏది పట్టుకుని నేను పడుకోవాలో ఇప్పటికీ తెలియదు.

తొమ్మిదో రోజుకు పదహారు తాళ్ళూ విడివిడిగా వచ్చాయి. ఒక్కొక్కటి చుట్టగా చుట్టి మంచం మీద పేర్చుకుంది. "పో, జట్టును పిలుసు. మళ్ళా నేర్సుకోమను. ఒగటే మాట. తాడు చేతికిచ్చేముందు నర్సమ్మ చెప్పిన మూడూ చేయల్ల. గదవ ఎదకు. చెయ్యి ఎనక్కి. వేళ్ళు ముట్టుకోవల్ల. దండం పెట్టేది కాదు, నిలబడి చేయల్ల. చేయలేనోళ్ళకి తాడియ్యొద్దు. నువ్వు నిలబడి సూడు."

"నేనా?"

"నువ్వే. దాసింది నువ్వు కదా, నీకే తెలుస్తాది."

జట్టు వచ్చింది. మా తోడికోడలి స్థానంలో ఒక కొత్త పిల్ల. పెళ్ళై రెండేళ్ళు అయింది, చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన కోడలు, మా చేనిలోనే కూలికి వస్తుంది. హుషారు మనిషి. మొదటి సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద స్తంభానికి కడియం కట్టి, తాళ్ళు నా భుజాన వేసుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరూ వచ్చి మూడూ చేశారు. నవ్వుకుంటూ, "ఇదేం పరీచ్ఛ అక్కా, పాసయితే ఉద్యోగమిస్తావా?" అంటూ చేశారు. తాళ్ళు ఇచ్చాను. పదిహేను ఇచ్చాను, నాది కూడా కలిపి.

కొత్త పిల్ల వంతు వచ్చింది. చెయ్యి వెనక్కి పెట్టింది. వంగింది, వేళ్ళు నేలకు జానెడు దూరంలో ఆగిపోయాయి. గదవ దించింది, సగంలో ఆగింది. ఎర్రబడి, "పొద్దున గడ్డిమోపులు మోసినా గదా పెద్దమ్మా, పట్టేసింది. రేపటికి సరిపోతాది" అంది. ఆ మాట నాకు బాగా తెలుసు. దిండు ఎచ్చయింది లాంటి మాట అది.

"ఇయ్యక్కా తాడు" అన్నారు మిగిలినవాళ్ళు. "కొత్త పిల్ల, ఆశ పడొచ్చింది. ఒగ మనిషి కోసం అందరికీ ఆపుతావా? పదైదు మందితో జడ పడదు."

పడదు. అది నాకూ తెలుసు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాడు నా చేతిలోనే పెట్టుకుని, "రేపు పొద్దున నర్సమ్మ దగ్గరికి పోదాం, నేనూ వస్తా" అన్నాను. ఆ పిల్ల కోలలు అరుగు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది. ఒకామె గొణిగింది, నాకు వినపడేటట్టే: "అప్పుడేమో కండ్లు మూసుకున్యాది, ఇప్పుడు పెద్ద డాక్టరమ్మ." నిజమే కదా. తాళ్ళు వెనక్కు తీసుకుని చుట్టుకుని ఇంటికి వచ్చాను.

మంచంలో ఆమె చెవి అటే పెట్టుకుని ఉంది.

"ఏమక్కా, చప్పుడే రాలేదు?"

"ఒగరు తక్కువైనారు. ఆ చిలమత్తూరు పిల్ల. వంగలేదు."

బయట ఎవరో పాలకేంద్రం దగ్గర కోల మీద కోల కొట్టి ఆపేశారు. ఆ చప్పుడు ఆగాక ఆమె అడిగింది:

"ఆ పిల్ల ఏ నీళ్ళు తాగుతాంది?"

నేను మంచం పక్కన కూర్చున్నాను. డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో అందరం ఫిల్టరు నీళ్ళకు మారిపోయాం. మా మరిది ట్రాక్టరులో కూడా ఫిల్టరు సీసానే. చేనిలో కూలికి వచ్చేవాళ్ళు ఎప్పటిలాగే పైపు దగ్గర దోసిలి పట్టి తాగుతున్నారు. తాగొద్దని మేము ఎవరమూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. రెండేళ్ళుగా ఆ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాగేది అవే.

"మన బోరువే" అన్నాను.

ఆమె ఎద మీద రెండు చేతులూ కలిపి పెట్టుకుని, వంగని మెడతో కప్పు వైపు చూస్తూ పడుకుంది. దీపం పెట్టేవేళ అయింది. లేవబోతుంటే అంది:

"రేపటి నుంచి బిందె నువ్వు ఎత్తుకోని పో అక్కా. ఫిల్టరువి. ఎండెక్కకముందే."

నేను చేనికి బిందె మోసి ఎన్నేళ్ళయిందో. చేను ఊరికి మైలు దూరం. పొద్దున లేచి బిందె కడిగాను.